ఇరవై తొమ్మిది డిగ్రీల గ్యాసు

పూడిరేవు గ్యాస్ టెర్మినల్‌లో గ్యాసుకి చెమట పట్టదు, చలి వేయదు. ఇరవయ్యేళ్లుగా దాని ఒంటి వేడి ఇరవై తొమ్మిది డిగ్రీలే. రోహిణి కార్తెలో రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటున్నప్పుడూ ఇరవై తొమ్మిదే. పుష్యమాసంలో వాచ్‌మన్లు చెవులకి మఫ్లర్లు చుట్టుకుని వణుకుతున్నప్పుడూ ఇరవై తొమ్మిదే. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు, గ్యాసుకి అసలే తెలియదు. బయటపెట్టినవాడు మద్దిలేటి. ఊరుకున్నవాడు ఊరుకోక ఎందుకు బయటపెట్టాలి చెప్పండి.

మద్దిలేటిది కర్నూలు జిల్లా. కంప్యూటర్లు చదువుకుని, ఆ మూల నుంచి ఈ సముద్రపు మూలకి వచ్చి అసిస్టెంట్ మేనేజరుగా పనిచేస్తున్నాడు. భార్య లింగేశ్వరి కర్నూల్లో పుట్టింట్లో ఉంది. తొలి కాన్పు, నెలలు నిండుతున్నాయి. మద్దిలేటి కాళ్లావేళ్లా పడి కర్నూలుకి బదిలీ తెచ్చుకున్నాడు. ఇక్కడి నుంచి రిలీవ్ చేయడమొక్కటే మిగిలింది. రిలీవ్ చేయడమంటే జనరల్ మేనేజర్ సోమయాజులుగారు ఒక కాయితం మీద సంతకం పెట్టడం. ఆయన పెన్ను తీశారు, మూత తిప్పారు, నిబ్బు కాయితం మీద ఆనించబోయారు. అప్పుడు ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది.

ప్రధాన కార్యాలయం వారికి ఆ వారం ఆధునికత మీద మోజు పుట్టింది. టెర్మినల్‌లో గ్యాసు లెక్క కట్టే పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెట్టమన్నారు. పాతది నల్ల తెర మీద పచ్చ అక్షరాలతో కనిపిస్తుంది. ఏటా ఆయుధపూజకి బొట్లు పెట్టించుకుని, ఇప్పుడు కొన్ని మీటలు కుంకుమతో బిగుసుకుపోయి ఉంది. సోమయాజులుగారు పెన్ను మూత బిగించి, లెక్కలు ఇందులోంచి అందులోకి ఒంపడమే కదా, అది కాగానే వెళ్దువుగాని అన్నారు. మద్దిలేటి కూడా అమాయకంగా సరేనన్నాడు.

ఒంపడానికి ఒక నిబంధన ఉంది. పాత సాఫ్ట్‌వేరూ కొత్త సాఫ్ట్‌వేరూ పక్కపక్కనే పెట్టి, నెల రోజుల పాటు రోజూ పొద్దున్నే గ్యాసు లెక్క కట్టాలి. రెండూ దశాంశ బిందువు తర్వాత మూడో అంకె దాకా ఒకటే చెప్పాలి. ఒక్క రోజు తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి మొదలు. నెల నిండాక, ప్రాజెక్టు అధికారిని, అంటే మద్దిలేటిని, సముచిత మర్యాదలతో రిలీవ్ చేయవలెను.

మొదటి రోజు పూజలయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది, లెక్క కడితే పద్నాలుగు టన్నుల తేడా వచ్చింది. పాతది చెప్పినంత గ్యాసు లేదని కొత్తది చెప్పింది. సోమయాజులుగారి ముఖం పాలిపోయింది. పద్నాలుగు టన్నుల గ్యాసు ఎటు పోయినట్టు? ఆ సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఇంటికెళ్లే ప్రతివాడి టిఫిన్ క్యారియరూ మూత తీసి వాసన చూశారు. ఒక క్యారియర్లో ఎండుచేపల పులుసు మిగిలి ఉంది తప్ప ఆధారాలేవీ దొరకలేదు.

మద్దిలేటి పాత సాఫ్ట్‌వేరుని విప్పి చూశాడు. గ్యాసు వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకే ట్యాంకులో ద్రవంగా ఉన్న గ్యాసు ఎంత ఎత్తున ఉందో కొలిచి, ఎంత వేడిగా ఉందో కొలిచి, రెండూ కలిపి లెక్క కడితేగాని ఎన్ని టన్నులుందో తేలదు. పాత సాఫ్ట్‌వేరు రోజూ మర్యాదగా వేడి ఎంతని అడుగుతోంది. చెప్పగానే ‘ధన్యవాదములు’ అంటోంది. అని, ఆ అంకెని అవతల పారేసి, ఇరవై తొమ్మిది వేసుకుని లెక్క కడుతోంది. ఎప్పుడో థర్మామీటరు పాడైతే, కొత్తది వచ్చేదాకా సర్దుకుందామని ఎవరో మహానుభావుడు ఆ రోజు వేడిని అందులో పాతేసి వెళ్లాడు. కొత్త థర్మామీటరు వచ్చింది, దానికీ వయసైపోయింది, ఇరవై తొమ్మిది మాత్రం అందులోనే ఉండిపోయింది.

ఆ లెక్కన ఎండాకాలంలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, చలికాలంలో తక్కువ చూపిస్తుంది, ఏడాది చివరికి అటూ ఇటూ సరిపోతుంది. ఆడిటర్లు ఏటా దీన్ని గమనించి, ‘వాయువు యొక్క ఋతుధర్మం’ అని రాసి, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. జబ్బేమిటో దొరికాక మందెంతసేపు? పాతదాంట్లో ఒక్క గీత మారిస్తే చాలు, నెల తర్వాత తను కర్నూల్లో ఉంటాడు. పరుగున వెళ్లి సోమయాజులుగారికి చెప్పాడు. ఆయన అంతా విని, తలుపు వేసి రమ్మని, ఈ ముక్క ఇంకెవరితోనూ అనలేదు కదా అని అడిగారు.

కమిటీ కూర్చుంది. గోడ మీది తెరలో ప్రధాన కార్యాలయం పెద్దలు ఏడుగురు వరసగా కనిపించారు. పాత సాఫ్ట్‌వేరు మార్చడానికి వీల్లేదన్నారు. ఇరవయ్యేళ్ల లెక్కల మీద సంతకాలు పెట్టిన జనరల్ మేనేజర్లలో ముగ్గురు ఇప్పుడు ఆ తెరలోనే కూర్చుని ఉన్నారు. పోనీ, కొత్తదాంట్లో కూడా ఇరవై తొమ్మిది పాతేద్దామా అంటే, అది అంతర్జాతీయ ప్రమాణాలతో సీలు వేసి వచ్చింది, చెయ్యి పెడితే వారంటీ పోతుందన్నారు. తరువాత అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“సదరు వ్యవహారంలో మార్పునకు అవకాశం గల అంశం మరేదైనా మిగిలి ఉన్నదా?”

“గ్యాసు ఉందండి,” అన్నారు సోమయాజులుగారు.

“దానికి వారంటీ ఉన్నదా?”

“లేదండి.”

అధ్యక్షులవారి ముఖం వికసించింది. రెండు సాఫ్ట్‌వేర్ల గౌరవానికీ భంగం కలగని రీతిలో, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు, టెర్మినల్ నందలి గ్యాసుని ఇరవై తొమ్మిది డిగ్రీల వద్ద ఉంచవలెనని తీర్మానించారు. మద్దిలేటి నోరు వెళ్లబెట్టాడు. ఆ నోరు తెరలో కనిపించిందేమో, ప్రాజెక్టు అధికారికి సందేహాలుంటే లిఖితపూర్వకంగా పంపవచ్చునని కూడా చేర్చారు.

నిజానికి మొదట్లో అంత కష్టం కాలేదు. అప్పటికింకా చలి పూర్తిగా పోలేదు. పూడిరేవులో గ్యాసు ఉండేది తెల్లటి పెద్ద గోళంలో, ఊళ్లోవాళ్లు దాన్ని గుడ్డు అంటారు. రాత్రి చల్లబడిన గుడ్డు పొద్దెక్కేకొద్దీ వేడెక్కుతూ, ఏదో ఒక క్షణంలో ఇరవై తొమ్మిది మీదుగా పోక తప్పదు. ఆ క్షణాన రెండు కంప్యూటర్ల మీటలూ ఒకేసారి నొక్కితే చాలునని మద్దిలేటికి తట్టింది. ఆపరేటర్ సింహాద్రి గుడ్డు మెట్ల మీద కూర్చుని థర్మామీటరు ముల్లు చూస్తూ వాకీటాకీలో అరిచేవాడు. కింద గదిలో మద్దిలేటి ఒక చెయ్యి పాతదాని మీద, ఒక చెయ్యి కొత్తదాని మీద పెట్టుకుని కూర్చునేవాడు. సోమయాజులుగారు దీన్ని ముహూర్తం అనేవారు. ఆ వేళకి గదిలో ఎవరూ తుమ్మకూడదని నోటీసు అంటించారు.

అంకెలు రెండూ కలిసిన రోజు చప్పట్లు, ఒక్కొక్కరికీ ఒక్కో లడ్డూ. మద్దిలేటి రోజూ లింగేశ్వరికి ఫోను చేసి, ఇంకొన్నాళ్లే అని చెప్పేవాడు. ఆమె రోజూ ఒకటే అడిగేది, రైలు టికెట్టు తీసుకున్నావా అని.

అంతలో ఎండాకాలం వచ్చి పడింది. ముహూర్తం పొద్దున్నుంచి తెల్లవారుజాముకి జరిగింది, అక్కడి నుంచి అసలు లేకుండానే పోయింది. సూర్యుడు రాకముందే ముల్లు ముప్పై దాటి కూర్చుంటోంది. రెండు లెక్కలకీ మళ్లీ పడలేదు. నెల నిండడానికి నాలుగు రోజులుందనగా మద్దిలేటి బతుకు మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు లింగేశ్వరికి ఫోను చేయడానికి చెయ్యి రాలేదు. ఆమే చేసింది.

“గ్యాసు ఎన్నాళ్లయినా ఆగుతాది. కడుపులోది ఆగుతాదా? ముందు నాకా సంగతి చెప్పు.”

మద్దిలేటికి ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుని, ఆ కోపంలోనే సోమయాజులుగారి గదిలోకి వెళ్లి, గుడ్డుకి ఐసు పెడదామన్నాడు. ఎగతాళిగానే అన్నాడు పాపం. సోమయాజులుగారు కుర్చీలోంచి లేచి వచ్చి అతన్ని కౌగిలించుకున్నారు.

మర్నాటి నుంచి పూడిరేవు చేపలరేవులో ఐసు దొరకలేదు. రొయ్యల కోసం తయారయ్యే ఐసు దిమ్మలన్నీ, ఊక చల్లుకుని, లారీల మీద నీళ్లు కారుకుంటూ టెర్మినల్‌కి వచ్చేవి. మంటలార్పడానికి గుడ్డు మీద నీళ్లు చల్లే గొట్టాలున్నాయి కదా, వాటి నీళ్ల ట్యాంకులో దిమ్మలు పడేసి తిప్పేసేవాళ్లు. గుడ్డు చల్లగా తడిసి ముద్దయ్యేది. ముల్లు కిందికి దిగి, దిగి, ఉత్సాహం కొద్దీ ఇరవై తొమ్మిది దాటి ఇరవై ఎనిమిదికి పోయేది. అప్పుడు సోమయాజులుగారు గ్యాసుకి జలుబు చేస్తోందని కంగారుపడి, నీడపట్టున ఉంచి మెల్లగా వేడెక్కించమనేవారు. పెళ్లిళ్ల సరంజామా అద్దెకిచ్చే దుకాణం నుంచి ఎరుపూ పసుపూ చారల షామియానాలు తెప్పించి గుడ్డు చుట్టూ కట్టించారు. అంత పెద్ద షామియానా చూసి, ఎవరిదో గట్టి పెళ్లేననుకుని, రెండు కుటుంబాలు చదివింపులతో సహా గేటు దగ్గరికి వచ్చాయి. పూడిరేవువాళ్లు మర్యాదస్తులు. వచ్చినందుకు క్యాంటీన్‌లో భోజనం పెట్టి పంపారు.

రొయ్యల వ్యాపారులు గోల పెట్టారు. ఐసు లేక రొయ్యలు పాడైపోతున్నాయని విన్నపం రాసుకున్నారు. రొయ్యల ఉష్ణోగ్రత సంస్థ పరిధిలోకి రాదని ప్రధాన కార్యాలయం జవాబిచ్చింది. దాంతో వాళ్లు ఏ రోజు రొయ్యలు ఆ రోజే కారుచౌకగా తెగనమ్మారు. ఊరు ఊరంతా మూడు పూటలా రొయ్యలు తిని, గ్యాసు కంపెనీ చల్లగా ఉండాలని దీవించింది. ఈ లోపల గ్యాసు మోసుకొచ్చే ఓడ కెప్టెన్‌కి, ఇకపై సరుకుని ఇరవై తొమ్మిది డిగ్రీల వద్దనే తీసుకురావలెనని లేఖ వెళ్లింది. అలాగే తెస్తాను, ఏ సముద్రం మీదుగా రమ్మంటారో సెలవియ్యండని ఆయన తిరిగి రాశాడు. సముద్రాన్ని ఎంపిక చేయడానికి ఒక ఉపసంఘం వేశారు.

ఇంత జరుగుతున్నా రెండు అంకెలూ కలుస్తూనే ఉన్నాయి. మద్దిలేటి ఒళ్లంతా కళ్లు చేసుకుని కాపలా కాశాడు. నెల నిండడానికి ఒక్క రోజుంది. ఆ ఒక్క రోజు పొద్దున్న ఐసు లారీ రాలేదు. కరెంటు పోయి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు గడ్డకట్టలేదట. ముల్లు ముప్పై మూడు మీద కూర్చుంది. మద్దిలేటి గుడ్డు వైపు చూస్తుండగా ఫోను మోగింది. అత్తగారు. లింగేశ్వరికి నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అన్నారు.

మద్దిలేటి సోమయాజులుగారి కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ఆయన రాతిమనిషేమీ కాదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తన భార్య తొలి కాన్పప్పుడు తను కూడా ఏదో తనిఖీలో ఇరుక్కుపోయానని చెప్పుకుని బాధపడ్డారు. సంతకం పెట్టాలన్న కోరిక తనకీ ఉంది, అయితే ఆ కోరిక దశాంశ బిందువు తర్వాత మూడో అంకెకి లోబడి ఉన్నది అన్నారు.

మద్దిలేటి విసవిసా గుడ్డు మెట్లెక్కాడు. పైన ఎండ మాడ్చేస్తోంది. సింహాద్రి నీడలో ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకుని ఉన్నాడు. నిన్నటి ఐసు ముక్కలు దాచుకుని, అవి కరిగిన నీళ్లలో మజ్జిగ సీసా ముంచుకున్నాడు. మద్దిలేటి ఆ బకెట్టు వైపు చూశాడు. గుడ్డులోంచి కొత్త కంప్యూటరుకి వేడి సంగతి చేరవేసే తీగ వైపు చూశాడు. మళ్లీ బకెట్టు వైపు చూశాడు. తరువాత తీగ కొసన ఉన్న వేడి కొలిచే పుల్లని దాని గూట్లోంచి బయటికి లాగి బకెట్లో ముంచాడు. ఇరవై నాలుగు చూపించింది. మెట్ల కంబీల కింద ఎండకి కాగుతున్న తాగునీటి సీసా తీసి, కొంచెం కొంచెంగా పోస్తూ, చేత్తో కలుపుతూ, చంటిపిల్ల స్నానానికి నీళ్లు తోడినంత శ్రద్ధగా తోడాడు. ఇరవై తొమ్మిది వచ్చింది. అక్కడే నిలబడింది.

కింద అంకెలు రెండూ కలిశాయి. చప్పట్లు వినిపించాయి. మద్దిలేటి మెట్లు దిగుతుంటే సింహాద్రి బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

“బాబూ, మరి దీన్నేటి సెయ్యమంతారు?”

“ఎండలో పెట్టొద్దు,” అని చెప్పి మద్దిలేటి పరిగెత్తాడు.

సోమయాజులుగారు పెన్ను మూత తిప్పి సంతకం పెట్టారు. మద్దిలేటి ఆ కాయితం జేబులో పెట్టుకుని, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి, రైలెక్కి, రిజర్వేషను లేక తలుపు దగ్గర కూర్చుని కర్నూలు చేరాడు. దారంతా అతని గుండె రెండు రకాలుగా కొట్టుకుంది. బిడ్డ పుట్టేవేళకి చేరతానో లేదో అని ఒకటి. పుల్ల బకెట్లో ఉన్న సంగతి ఎవరైనా చూస్తే, బిడ్డ పుట్టిన రోజే ఉద్యోగం పోతుందని ఇంకొకటి.

గంట ముందు పుట్టేసింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు, పిడికిళ్లు బిగించి, ఎవరి మీదో గట్టి ఫిర్యాదు ఉన్నట్టు ఏడుస్తోంది. లింగేశ్వరి మంచం మీద నుంచి అతన్ని ఎగాదిగా చూసి, ఒచ్చినావా అంది. బిడ్డని చేతుల్లోకి తీసుకోగానే మద్దిలేటి టన్నులూ డిగ్రీలూ అన్నీ మరిచిపోయాడు.

మూడో రోజు సోమయాజులుగారు ఫోను చేశారు. ప్రధాన కార్యాలయం పెద్దలు ఏడుగురూ స్వయంగా వచ్చి గుడ్డు ఎక్కారని, బకెట్టు చూశారని చెప్పారు. మద్దిలేటికి ముచ్చెమటలు పోశాయి.

“ఇంత మంచి సంగతి మా చెవిన వేయకుండా వెళ్లిపోయావేమిటయ్యా,” అన్నారు సోమయాజులుగారు.

ఆయన గొంతులో నిజంగానే నొచ్చుకోలు ఉంది. గుడ్డు ఏనాడూ మాట వినలేదని, బకెట్టు మాత్రం చెప్పినట్టు వింటుందని పెద్దలు గ్రహించారట. ఇకపై బకెట్టులోని నీటి వేడినే గ్యాసు యొక్క అధికారిక వేడిగా పరిగణించవలెనని తీర్మానం అయిపోయింది. దేశంలోని టెర్మినళ్లన్నిటికీ మూతలున్న స్టీలు బకెట్లు రాబోతున్నాయి. సింహాద్రి మజ్జిగ సీసాని కూడా ఏర్పాటులో భాగంగా యథాతథంగా ఉంచారు, తీస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కనుక. ఇంతటి విధానానికి ఆద్యుడైన మద్దిలేటిని అఖిల భారత బకెట్టు సమన్వయాధికారిగా నియమించి, ఆయన రిలీవింగు ఉత్తర్వును రద్దు పరచడమైనది. రేపటికల్లా రావాలి.

బిడ్డ ఏడుపు లంకించుకుంది. ఆసుపత్రి గదిలో ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది, కిటికీ బయట కర్నూలు ఎండ నిప్పులు చెరుగుతోంది. అవతలివైపు మాటలన్నీ లింగేశ్వరికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె చెయ్యి చాపి ఫోను తీసుకుంది. పచ్చి బాలింతనని కూడా చూసుకోకుండా, మంచం మీద నిటారుగా కూర్చుంది.

“సార్, నేను మద్దిలేటి పెండ్లాన్ని. మీ పనికి అడ్డం రాను సార్, పంపిస్తా. ఈ కర్నూలు ఇరవై తొమ్మిది డిగ్రీలకు దిగిన రోజు పంపిస్తా.”

ఆ అంకె వినగానే సోమయాజులుగారి ప్రాణం మెత్తబడిపోయింది. అమ్మా, ఇంత పద్ధతిగా మాట్లాడినవాళ్లని నా సర్వీసులో చూడలేదు అన్నారు. కమిటీ అత్యవసరంగా కూర్చుని, ఆమె షరతు సంస్థ సంప్రదాయానికి పూర్తిగా అనుగుణంగా ఉన్నదని ఏకగ్రీవంగా ఆమోదించింది. కర్నూలు నందలి ఉష్ణోగ్రత ఇరవై తొమ్మిదికి చేరిన తక్షణమే సదరు అధికారి విధుల్లో చేరవలెను, అంతవరకు జీతంతో కూడిన సెలవు. కొలవడానికి సీలు వేసిన థర్మామీటరు ఒకటి కొరియర్లో పంపారు. దాన్ని ఇంట్లో ఎక్కడ తగిలించాలో ఉత్తర్వులో రాయడం మరిచిపోయారు.

ఇంటికి చేరాక మద్దిలేటి ఆ కొరియరు పెట్టె విప్పాడు. లింగేశ్వరి చెప్పిన చోటే, వంటింట్లో పొయ్యి పక్కన మేకు కొట్టి థర్మామీటరు తగిలించాడు. తరువాత వచ్చి బిడ్డకి నీళ్లు తోడాడు.